చుక్కలు తేలిన ఉయ్యాల గుడ్డ

గాలీ ధూళీ అంటూ ఎవరైనా మొదలుపెడితే "మీకు పనేం లేదా?" అని లేచి వచ్చేసే మనిషిని నేను. దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. కానీ ఆటలమ్మ పోసిన ఒంటికి సూది వేయిస్తే అమ్మవారికి కోపం వస్తుందని మాత్రం నమ్మాను. నా తెలివి అలా ఏడ్చింది.

మాది పెడన. ఇంటి వెనక షెడ్డులో నేనూ మా ఆయనా కలంకారీ అచ్చులు వేస్తాం. మా పని తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తాం. ఎరుపు కావాల్సినచోట పటిక నీళ్ళతో అచ్చు కొడతాం. అప్పటికింకా ఎరుపు కనపడదు. కాలవలో జాడించి, రాగి కాగులో రంగునీళ్ళు పోసి ఉడికిస్తే, పటిక తగిలినచోటే ఎరుపు తేలుతుంది. తగలనిచోట చచ్చినా నిలవదు.

మా అమ్మాయి లావణ్య తొలికాన్పుకి ఇంటికొచ్చింది. తొమ్మిదో నెల. పుట్టబోయే బిడ్డ ఉయ్యాలకని మెత్తటి గుడ్డ కరక్కాయలో ముంచి, ఆరేసి, మడతపెట్టి షెడ్డులో దండెం మీద వేశాను. పుట్టకముందే ముస్తాబులేంటని అచ్చు వేయకుండా ఆగాను.

అప్పుడే మా వీధి పిల్లలకి ఆటలమ్మ పోసింది. రెండు వారాలు తిరిగేసరికి లావణ్య వీపు నిండా పొక్కులు. గుమ్మానికి వేపాకు కట్టాను. తాళింపులు మానేశాం. కాగు కింద మంట ఆపేశాం. షెడ్డుకి తాళమేసి చెవి నా బొడ్లో దోపుకున్నాను. ఆశా కార్యకర్త వస్తే, పిల్ల నిద్రపోతోందని గుమ్మంలోంచే పంపేశాను.

మూడో రోజున నొప్పులొచ్చాయి. ఒంటి నిండా దుప్పటి కప్పి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మెడ దగ్గర చూసి "ఏంటమ్మా ఇవి?" అంది. "చెమటకాయలండీ, ఎండలు కదా" అన్నాను. లావణ్య నోరు తెరవబోయింది. నేనే కళ్ళతో ఆపాను. ఆవిడ మళ్ళీ అడిగేలోపే కాన్పయిపోయింది.

మగపిల్లాడు. బంగారు ముద్దలా ఉన్నాడు. ఇంటికొచ్చాక ఎనిమిదో రోజున వాడి ఒంటి మీదా పొక్కులు లేచాయి. ఈసారి అమ్మవారూ లేదు, వేపాకూ లేదు, ఎత్తుకుని పరుగెత్తాం. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "కాన్పుకి ముందు తల్లికి ఇది వస్తే బిడ్డకి చాలా ప్రమాదమమ్మా. ఆరోజే చెప్పుంటే పుట్టగానే వాడికి ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం" అంది. తిట్టినా బాగుండేది. పిల్లాడు పేరైనా పెట్టించుకోకుండా పోయాడు.

నెల తర్వాత మా ఆయన నా దగ్గర చెవి తీసుకుని షెడ్డు తాళం తీశారు. అచ్చు కొట్టి వదిలేసిన గుడ్డలతోపాటు ఆ ఉయ్యాల గుడ్డ కూడా చూసుకోకుండా కాగులో వేసేశారు. పట్టపగలే, పదకొండింటప్పుడు. తీసి జాడించి ఆరేస్తే, దాని నడిమధ్యన మూరెడు మేర ఎర్రటి చుక్కలు. మిగతాదంతా తెల్లగానే ఉంది.

పటిక నీళ్ళు చిందాయేమో అన్నారు మా ఆయన. మడతల మీద చిందితే మడత మడతకీ దిగి నాలుగుచోట్ల పడాలి. ఇవి ఒక్కచోటే ఉన్నాయి. అంత సన్న చుక్కల అచ్చు మా దగ్గర లేదు. ఆరోజుదాకా తాళంచెవి నా బొడ్డు దాటలేదు.

ఇంకో సంగతి ఆయనకి చెప్పలేదు. వాడికి ఆఖరి స్నానం చేయించింది నేనే. పొక్కులు నుదుటి మీద ఒకటి, మెడ మడతలో రెండు, బొడ్డు చుట్టూ ఐదు. గుడ్డ మీదా సరిగ్గా అలాగే ఉన్నాయి.

ఏడ్చి ఏడ్చి ఉన్న కళ్ళు, ఏదో చూసి ఏదో అనుకున్నావని ఎవరైనా అంటే కాదనను. అదెలా జరిగిందో నాకిప్పటికీ అంతుపట్టదు, ఎవరికీ నచ్చజెప్పనూ లేను. కానీ ఆరోజు లావణ్య కూడా చూసింది. దండెం దగ్గరికొచ్చి, తడి గుడ్డ మీద ఆ చుక్కలు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. నా వైపు తిరిగింది.

"చెమటకాయలే కదమ్మా ఇవి?" అంది.