ఆసుపత్రి వెనక జోగులమ్మ పొయ్యి

మా నర్సీపట్నంలో ఓ ట్రస్టు ఆసుపత్రి గేటు ఎదుట నాకు ఇడ్లీ కొట్టుంది. ఆ ఆసుపత్రిలో జోగులమ్మ ఇరవై రెండేళ్లుగా ఆయా. మాకవరపాలెం దగ్గర పల్లె ఆమెది. చదువు రెండో తరగతి. నాదీ అంతే, సిగ్గేమీ లేదు. ఊడవడం, కడగడం ఆమె జీతానికి చేసే పని. జీతం లేకుండా చేసేది ఇంకొకటుంది. వెనక రేకుల షెడ్డులో రాళ్లతో నాలుగు పొయ్యిలు పెట్టి, మన్యం నుంచి కాన్పులకు దిగినవాళ్లకు గిన్నెలిచ్చి, పుల్లలిచ్చి వండుకోనిస్తుంది. బాలింతకు వేడి గంజి, వేన్నీళ్లు ఉండాలి. క్యాంటీను పులిహోర చేతిలో పెడితే బట్టలు మూట కట్టుకుని తిరిగి కొండెక్కేస్తారు. ఆసుపత్రి కట్టించిన పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి తెలిసే ఆ షెడ్డు వేయించారు. ఆయన పోయాక వచ్చిన మేనేజరుకి తెలియదు. చదువుకున్నవాడు కదా!

మొన్న బుధవారం, ఆసుపత్రి ఊరికి చేస్తున్న సేవ గురించి సభ పెట్టారు. అతిథులకు పొగ కనిపించకూడదట! తెల్లారగానే మేనేజరు పొయ్యిలు పీకించి షెడ్డుకి తాళం వేయించాడు. ఆ షెడ్డే సేవ రా నాయనా, దాన్ని మూసేసి దేనికి దండ వేస్తావు?

పది గంటలకు సీతాలు అనే కొండపిల్ల, కాన్పయి రెండు రోజులు, బిడ్డతో సహా ఆటో ఎక్కేసింది. బిడ్డ రెండు కిలోలైనా లేదు. ఐదు రోజులు కదలొద్దని డాక్టరమ్మ చెప్పినా అత్త వినలేదు.

"గంజి నేదు, వేన్నీళ్లు నేవు. ఇక్కడుంటే పాలెండిపోతాయి," అందామె.

"పాలు కాదే, ముందు బిడ్డే పోతాది! దిగండి!" అంటూ జోగులమ్మ వచ్చింది.

నా కొట్టు ముందున్న మూడిటుకలు అడగకుండానే పట్టుకెళ్లింది. సరిగ్గా సభ బ్యానరు కింద పేర్చి గంజి ఎక్కించింది. పొగ కుర్చీల మీదికి పోయింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏటిది జోగులమ్మా? అతిథులొచ్చీసినారు! పొయ్యి తియ్యి, బేగి!"

"గంజి ఉడికాక తీస్తాను బాబూ. బేగి ఉడకమని మీరే దానికి సెప్పండి."

కుర్చీల్లో ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

ఆటో దిగి గంజి తాగిన సీతాలు బిడ్డతో వార్డుకేసి నడిచింది. మేనేజరు వార్డు మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాడు.

"రేపట్నుంచి నువ్వు పనిలోకి రాకు."

"రేపటి మాట రేపు. ఈ పూట పిల్ల మంచమెక్కాలి. తప్పుకోండి."

తప్పుకున్నాడు. తప్పుకోక ఏం చేస్తాడు, అంతమంది చూస్తుంటే? అత్త మాత్రం మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"సాయంత్రం మళ్లీ కాస్తావేటి?"

"కాస్తాను," అంది జోగులమ్మ. "లోపలికెళ్లు."