మా ఇంటి అంచు పటకా

కుస్తీలకు ఆడవాళ్లు రాకూడదనేవాళ్లు ఎమ్మిగనూరులో. రాకూడదన్నారే గాని, చూడకూడదని ఎవరూ అనలేదు. మైదానానికి ఆనుకొనే మా మేనత్త మిద్దె ఉండేది. డెబ్బైల నుంచి ఎనభైల దాకా ఆ మిద్దె మీద నా చోటు ఇంకొకరికి ఇచ్చింది లేదు. కింద ఈలలు వేసే మగవాళ్లకంటే పట్టుల సంగతి నాకే బాగా తెలుసని ఇప్పటికీ అంటాను.

ఆ రోజుల్లో జోడీ అంటే మా అన్న, ఆదోని పైల్వాన్. మా అన్న పగలంతా గుంటమగ్గంలో కాళ్లాడించేవాడు. ఆ కాళ్లతో మెలిపెట్టాడంటే విడిపించుకోవడం కష్టం. ఆదోని ఆయన పత్తి బేళ్లు మోసే మనిషి, ఆ మెడ వంచడం ఇంకా కష్టం. వీళ్ల కుస్తీ ఒక ఏడు మా ఊర్లో, ఒక ఏడు ఆదోనిలో. ఒక ఏడు ఈయన గెలిస్తే ఒక ఏడు ఆయన. గెలిచినవాడి తలకు పటకా చుట్టడం ఆనవాయితీ. మా ఊర్లో కుస్తీ అయితే ఆ పటకా నేసిచ్చేది మా ఇల్లే.

ఒక ఏడు దాన్ని నేను నేశాను. అన్నే గెలుస్తాడని ఎంత ధీమా అంటే, మా ఇంటి మనుషులకు మాత్రమే నేసుకునే నలుపు ఎరుపు అంచు వేసేశాను. అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుందే నీ యవ్వారం. ఆయప్ప గెలిస్తే మన అంచు ఆదోనికి పోతాది గదే!"

"యాడ గెలుస్తాడు లేమ్మా," అన్నాను.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఎర్రమన్ను చల్లుకొని తలపడ్డారు. చాలాసేపు పెనుగులాడి ఒక్కసారిగా కూలారు. మా అన్న వీపు మొత్తం నేలకంటింది. రెప్పపాటే అయినా, వీపు అంటితే ఓడినట్టే. అంతలోనే దొర్లి ఆయన్ని కిందేసి గుండెల మీద కూర్చున్నాడు. తీర్పు చెప్పే పెద్దమనిషి అటు పక్కన ఉన్నాడు, ఆయన చూసింది రెండోదే. తప్పెట్లు మోగాయి, అన్నకు పటకా చుట్టారు. మిద్దె మీద నుంచి నాకు మొదటిది కూడా కనబడింది.

ఇంటికొచ్చాక మన్ను కడుక్కుంటుంటే నీళ్లు పోశాను. తల ఎత్తకుండానే అడిగాడు.

"సూసినావా పాపా?"

"సూసినా. నీ ఈపే ముందు ఆనింది."

నోరు మూసుకొని ఉంటే సరిపోయేది. ఆ విద్య నాకు పుట్టుకతోనే రాలేదు.

"నాకూ తెలుసు. సెప్పేలోగా బుజాల మీదికి ఎత్తుకొనిరి," అన్నాడు.

తెల్లారి మొదటి బస్సుకు పటకా చంకన పెట్టుకొని ఆదోని పోయాడు. మధ్యాహ్నానికి దాంతోనే తిరిగొచ్చాడు. "ఇస్తే తీసుకునేది కాదు భాయ్, గెలిచి కట్టుకునేది. వచ్చే యేడు ఈడ గెలిచి తీసుకుంటా. అంతవరకు నీ పెట్టెలో ఉండనీ," అన్నాడట ఆయన.

ఏడాదంతా అన్న దాన్ని తలకు చుట్టలేదు. పొగిడినవాళ్లతో "ఆ కుస్తీ నాది కాదప్పా" అనేవాడు. ఊరి పరువు తీస్తున్నాడని మావాళ్లకే కోపం. నాకు మాత్రం ఆ మాట ఎన్నిసార్లు విన్నా గర్వంగానే ఉండేది.

మరుసటి ఏడు ఆదోనికి నేనూ పోయాను. మైదానం దగ్గర చోటు దొరక్క తిరుగుతుంటే ఆ పైల్వాన్ భార్య గుర్తుపట్టింది. "ఎమ్మిగనూరు పైల్వాన్ సెల్లెలివి గదా? రా అక్కా, మా మిద్దె మీద నుంచి బాగా కనపడతాది," అంది. ఇద్దరం ఒకరి చేయి ఒకరం నలిపేసుకుంటూ చూశాం. ఈసారి మా అన్న వీపు ఆదోని అంతా చూసేలా నేలకంటింది. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. అన్న లేచి, ఆదోని పెద్దలు తెచ్చిన కొత్త పటకాను పక్కన పెట్టించి, తన మూటలోంచి మాది తీసి తన చేతులతోనే ఆయన తలకు చుట్టాడు.

తర్వాత చాలా ఏళ్లు ఆదోని పత్తి మండీలో ఆ అంచును దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని. ఒకసారి ఎవరో అంచు బాగుందని మెచ్చుకుంటే, వెనక నేనున్నానని తెలియక ఆయన చెబుతున్నాడు.

"ఇది నేసిన ఆయమ్మ నిజం సూసింది, వాళ్లన్న నిజం సెప్పినాడు. అందుకే నా తలకొచ్చింది."

ఆ రోజు బస్సెక్కి ఎమ్మిగనూరు చేరేదాకా నా తల కిందికి దిగలేదు.