మామ్మ బిందెలో ఎంగిలి

మా మామ్మ కళావతి లెక్కలో తను ముట్టుకున్నది శుభ్రం, మేం ముట్టుకున్నది ఎంగిలి. జలంత్రకోటలో కొబ్బరితోటలున్న రైతు కుటుంబం మాది. మడి నేర్చుకోవాలంటే మాత్రం పురోహితులే మా ఇంటికి రావాలి. దేవుడి గూటి పక్కనుండే స్టీలు బిందెను మామ్మ రోజూ కొబ్బరిపీచుతో, బూడిదతో తోముతుంది. అభిషేకానికి ఆ బిందె నీళ్లే. పదో తరగతి తప్పి, జంతికలు నములుతూ తిరిగే నేను దాని నీడ కూడా తొక్కకూడదు.

మా అత్త కూతురు బిందుమాధవి విశాఖలో పరిశోధన చేస్తోంది. పేరు బిందు కాబట్టి బిందెల మీద పడిందని నేనంటాను. నీళ్ల పాత్రలకు లోపల పట్టే జిగట పాచిలో రకరకాల సూక్ష్మజీవులు కలిసి ఎలా కాపురం చేస్తాయో చూడటం తన పని. మా ఉద్దానం ఊళ్లలో ట్యాంకులూ డ్రమ్ములూ చూసుకుంటూ మా ఇంటికొచ్చింది.

"మురికి డ్రమ్ములు సూత్తే ఏటొత్తాదే? సుబ్రమంటే ఏటో కూడా సూడాల. నా బిందె సూడు," అంది మామ్మ.

బిందు దూదిపుల్లతో బిందె మెడ కింద, లోపలి వంపును తుడిచి తీసుకెళ్లింది. తన బిందె విశాఖలో పరీక్షకు కూర్చుందని మామ్మ వీధిలో ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. ఈ ఇంట్లో పాసయ్యేది అదొక్కటేనని నా వంక చూసి మరీ అంది.

బిందు మళ్లీ వచ్చినప్పుడు ఫోనులో ఫొటో చూపించింది. నల్లటి తెర మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి.

"ఎవరి డ్రమ్మే ఇది?"

"నీ బిందే అమ్మమ్మా. మాకు దొరికినవాటిలో ఈ పాచే మందంగా ఉంది."

మామ్మ నవ్వి, మళ్లీ చెప్పమంది. బిందు మళ్లీ చెప్పింది. ముందు ఒక రకం వచ్చి గోడకు అంటుకుని జిగురు కారుస్తుందట. మిగతావి వచ్చి అందులో చేరతాయట. విడిగా ఉంటే సులువుగా చచ్చేవి, కలిసుంటే మందుకు కూడా ఓ పట్టాన లొంగవట.

"అన్ని జాతులూ ఒక్క సోటేనా?"

"ఒక్కచోటే. ఒకటి తిని వదిలింది ఇంకొకటి తింటుంది."

మామ్మ మొహం పాలిపోయింది. "అంటే, ఎంగిలా?"

బిందు బుర్ర గోక్కుంది. "అలాగే అనుకో."

మామ్మ గోడకు జారగిలబడి దేవుడి గూటి వైపు చూసింది. "ఇన్నాళ్లూ సామికి ఎంగిలి నీళ్లు పోసేనా?"

నవ్వుదామని తెరిచిన నోరు నేను మూసేశాను. ఆవిడ చెంపలు వేసుకుంటోంది.

"రోజూ తోముతావు కదా అమ్మమ్మా?" అంది బిందు.

మామ్మ కణుపులు వాచిన వేళ్లు చూపించింది. "ఇవి లోపల పైకి ఒంగవే. బయటే మెరిత్తాది."

తర్వాత మామ్మే లేచి, బిందెను పెరట్లోకి తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ సెయ్యి సన్నం. మెడ కింద తోము."

"స్నానం సెయ్యలేదు మామ్మా. జంతిక సెయ్యి."

"కడుక్కుని తోమే."

చెయ్యి లోపల పెట్టి పైకి వంచాను. వేళ్ల కింద సర్రున జారింది, తడి చేపను పట్టుకున్నట్టు.

"తగిలిందా?"

"తగిలింది."

మామ్మ కళ్లు మూసుకుంది. మూసుకునే, బూడిద అందించింది.