జరిగిందేనా అండీ?

రామచంద్రపురంలో మా లాయరమ్మగారికి ఒక అలవాటు ఉండేది. పిటిషన్ మీద సంతకం పెట్టించే ముందు ఒక్కో వాక్యం పైకి చదివి, కళ్లజోడు మీదుగా చూస్తూ "జరిగిందేనా అండీ?" అని అడిగేవారు.

నా విడాకుల పిటిషన్ చదివిన రోజు మా అన్నయ్య కూడా వచ్చాడు. మా ఆయన తాగి కొడతారని రాస్తేనే పాప నాకు దక్కుతుందని అన్నయ్య నమ్మకం. నాచేత ముందే అలా చెప్పించాడు. ఆ వాక్యం దగ్గర ఆవిడ ఆగారు.

"జరిగిందేనా అండీ?"

నేను తల దించుకున్నాను. అన్నయ్య అందుకున్నాడు. "అందరూ రాసేదే కదండీ, ఉండనివ్వండి."

"రేపు బోనెక్కేది అందరూ కాదండి, ఈవిడ" అని దాన్ని అడ్డంగా కొట్టేశారు.

నాకు ఒళ్లు మండింది. కేసు అక్కడే పోయిందనుకున్నాను. చివరికి మిగిలింది ఒకటిన్నర పేజీ. మేం మాట్లాడుకోక మూడేళ్లయిందని, పాప నా దగ్గరే ఉండాలని, ఆదివారాలు వాళ్ల నాన్నతో గడపాలని.

ఆవిడ కబురు పెడితే మా ఆయన వచ్చారు. పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషి, నిలబడే రెండుసార్లు చదివారు.

"ఇందులో నన్నేమీ అనలేదేంటండీ?"

"జరిగినవే రాశామండి. ఇష్టమైతే పిటిషన్ మీ ఇద్దరి పేరునా కలిపే వేద్దాం."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, పెన్ను అడిగారు. ఎన్నాళ్లకో నాకు గుండెల నిండా ఊపిరి అందింది.

ఇప్పుడు పాపకి చదవడం వచ్చింది. ఆ కాగితాలున్న బీరువాకి నేను తాళం వేయను.