బిళ్ళగన్నేరుకు ఎన్ని నీళ్ళు

మా అత్తగారు పోయిన శుక్రవారం తెల్లవారేసరికి కన్నుమూశారు. మూత్రపిండాలు పాడై పదకొండు నెలలు మంచాన ఉన్నారు. అనకాపల్లిలో మా వీధి అంతా ఆవిడ నోటికి భయపడేది. నాలుగేళ్ళు నేనూ భయపడ్డాను. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆవిడ ఎంతో మెత్తని మనిషని చెప్పి వెళ్తున్నారు. వింటే ఆవిడే ఒప్పుకునేవారు కాదు. నాకు తెలిసినట్టు నాలుగు మాటలు రాస్తున్నాను.

మా పుట్టిల్లు కోటవురట్ల దగ్గర. మా నాన్న చెరకు వేస్తాడు. చెరకుకు నీళ్ళు పెట్టడమంటే కాలువ గట్టు తెంపి వదలడమే. మొక్క కనిపిస్తే నీళ్ళు పోయాలని తప్ప నాకు ఇంకేమీ తెలియదు.

అత్తగారింటి అరుగు మీద తొమ్మిది పాత రంగు డబ్బాలు ఉండేవి. అన్నిటిలోనూ బిళ్ళగన్నేరే. ఒక డబ్బాలో మాత్రం తెల్ల పువ్వుకు మధ్యలో ఎర్రబొట్టు ఉండే రకం. మామగారు బతికున్న రోజుల్లో రావికమతం నుంచి సైకిలు మీద తెచ్చారట. ఆయన పోయాక, పాత మొక్క ముదిరినప్పుడల్లా దాని కొమ్మే గుచ్చి కాపాడుకుంటూ వచ్చారు అత్తగారు. రోజూ దేవుడి దగ్గర మొదటి పువ్వు దానిదే.

నేను కాపురానికి వచ్చింది మంచి ఎండల్లో. మధ్యాహ్నానికి ఆ మొక్కలు ఆకులు ముడుచుకుని తలలు వాల్చేసేవి. అత్తగారు కునుకు తీసినప్పుడు చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. సాయంత్రానికి తలలెత్తేవి. అది నా చలవే అనుకున్నాను. కొత్త ఇంట్లో ఎవరూ చెప్పకుండా నేను చేసిన పని అదొక్కటే. బొట్టు మొక్కకు రెండు చెంబులు పోసేదాన్ని. మూడు వారాలకు దాని ఆకులు పసుపు తిరిగాయి. దాహమనుకుని మూడో చెంబు కూడా పోశాను.

ఒకరోజు అత్తగారు దాన్ని పట్టి లాగారు. వేళ్ళు మట్టిలోనే ఉండిపోయి మొక్క చేతిలోకి వచ్చేసింది. మొదలు నల్లబడి జిగటగా ఉంది. దాన్ని తెచ్చి నా ముక్కుకు ఆనించారు.

"ఏటి వాసనే ఇది?"

జవాబూ ఆవిడే చెప్పారు.

"పేమ. కుళ్ళితే ఇలాగే కంపు కొడతాది."

తరవాత ఆ మొక్కను దారంతో గేటుకు వేలాడదీశారు. వారం రోజులు ఉంచారు. పాలవాడు అడిగాడు, గ్యాసుబండ తెచ్చినతను అడిగాడు, పక్కింటి పెద్దమ్మ రోజూ అడిగింది. అందరికీ ఒకటే జవాబు, మా కోడలు పేమతో సంపేసిందని. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. ఎనిమిదో రోజున తీసి పారేయమని నాకే చెప్పారు.

ఆ మర్నాడు కళ్ళాపి చల్లకముందే నన్ను అరుగు మీదకు పిలిచి, నా చూపుడు వేలు పట్టుకుని డబ్బాలో మట్టిలోకి రెండో కణుపు దాకా గుచ్చారు.

"తడి తగిలితే పొయ్యకు. మద్దేనం తల వాల్చిందాన్ని నమ్మకు, ఎండకి నాటకమాడతాది. పొద్దున్న లెగిసి సూడు. అప్పటికీ వాలే ఉంటే పొయ్యి."

ఆ రోజు నుంచి అలాగే చేశాను. ఎండాకాలంలో నాలుగు రోజులకొకసారి, చలికాలంలో వారానికొకసారి. మిగతా ఎనిమిది డబ్బాలూ ఆకు కనపడకుండా పూశాయి. బాగున్నాయని మాత్రం ఆవిడ ఎన్నడూ అనలేదు.

జబ్బు తెలిశాక డాక్టరు రోజుకు ముప్పావు లీటరు నీళ్ళే అన్నారు. టీ, చారు, మాత్రలు మింగే నీళ్ళు అన్నీ అందులోనే. అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందన్నారు. చెంబెడు నీళ్ళు ఎత్తి పట్టి గటగటా తాగే మనిషికి ఆ శిక్ష వేశారు. మా ఆయన బెల్లం మార్కెట్లో దిమ్మలు మోయడానికి పొద్దున్నే వెళ్ళిపోతారు. ఆ ముప్పావు లీటరు కొలిచి పెట్టే సీసా నా చేతికి వచ్చింది.

మొదటి నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడ ఏడిస్తే చూడలేక రెండు గ్లాసులు ఎక్కువ ఇచ్చాను. సాయంత్రానికి ఊపిరి అందలేదు. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంటికి రాగానే ఆవిడ అన్న మొదటి మాట, "మొక్క సాల్లేదేటే నీకు?" అని. ఆ తరవాత నా చేత ఒట్టు వేయించుకున్నారు. నేను అడుగుతాను, తిడతాను, ఏడుస్తాను, అయినా ఇవ్వకు అని.

అన్నట్టే అడిగారు, తిట్టారు. నేను ఇవ్వలేదు. పక్కింటి పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని, దాహమన్న మనిషికి గుక్కెడు నీళ్ళివ్వని రాతిగుండె దొరికిందమ్మా నీకు అనేది. ఒట్టు సంగతి అత్తగారు చెప్పొచ్చు. చెప్పలేదు. అవునన్నట్టు తల ఊపేవారు.

గురువారం ఎండ బాగా కాసింది. పదకొండింటికే సీసా అయిపోయింది. ఒంటిగంటకు నన్ను పిలిచారు. ఆ రోజు తిట్టలేదు.

"ఒక్క గుక్క, అమ్మా."

నన్ను ఆవిడ గుంటా అనో పిల్లా అనో తప్ప పిలిచి ఎరగరు. నాకు ఆక్సిజన్ గొట్టం గుర్తుకొచ్చి భయం వేసింది. ఆవిడ మాటే నా నోటికి వచ్చింది.

"మద్దేనం వాల్చిందాన్ని నమ్మొద్దని నువ్వే సెప్పేవు కదత్తా. పొద్దున్న సూద్దాం."

పగిలిన పెదవులతో నవ్వారు.

"బాగా నేర్సుకున్నావే గుంటా."

అని గోడవైపు తిరిగిపోయారు. నాలుగేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంతోనే వెళ్ళి అంట్లు తోముకున్నాను.

పొద్దున్న సీసా నింపుకుని వెళ్ళేసరికి ఒళ్ళు చల్లగా ఉంది.

గుండె ఆగిందని, ఆ గుక్క ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటేనని డాక్టరు అన్నారు. మా ఆయనా అదే అన్నారు. కానీ నమ్మకు అన్న రోజునే వేలు పెట్టి చూడమని కూడా ఆవిడ చెప్పారు. నేను ఆ మధ్యాహ్నం ఆవిడ నాలుక చూడలేదు, పాదాల వాపు నొక్కి చూడలేదు. ఒక తడిగుడ్డ అయినా పెదవులకు అద్దలేదు. నేర్చుకున్న మాట అప్పజెప్పి వచ్చేశాను. చేతకాని నాకు చేతనైనంత నేర్పింది ఆవిడే. ఆ రుణం ఉంది. ఈ తప్పూ ఉంది.

ఎత్తే ముందు వాకిట్లో బల్ల వేసి ఆవిడకు స్నానం చేయించారు. కుళాయి వచ్చే వేళ కావడంతో బిందెలు నేనే పట్టి అందించాను. పక్కింటి పెద్దమ్మ ఒక బిందె ఎత్తి తల మీద పోసింది. నీళ్ళు నుదుటి మీదుగా దిగి తెరిచి ఉన్న నోటి దగ్గరకు వచ్చాయి. నా చెయ్యి దానంతటదే వెళ్ళి నోటికి అడ్డం పడింది.

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకు తీసింది. "ఇంకేటవుతాదే, పొయ్యనీ" అంది.

పోసింది. నోరు నిండింది. ఎవరూ మింగని నీళ్ళు రెండు వైపులా పొర్లి, చెవుల మీదుగా జుట్టులోకి పోయాయి.