ఐదో తూటా

మాకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉన్నప్పటి మాట... సీతాఫలాల కాలం. నేనూ, మా పక్కింటి యాదమ్మా రాయదుర్గం గుట్టల మీద ఒక బండ చాటున బోర్లా పడుకుని ఉన్నాం. కింద క్వారీలో ఎల్లయ్య మామ వత్తులు ముట్టించి, ఎర్రగుడ్డ ఊపుకుంటూ ఉరుకుతున్నాడు.

"ఐదున్నయ్... ఐదు! ఎవ్వరు లేవొద్దు!"

ఎల్లయ్య మామ బండలు పేల్చడానికి మందు తూటాలు పెట్టే మనిషి. ఎన్ని పెట్టాడో అరిచి చెప్పేవాడు. రాళ్లు కొట్టేవాళ్లంతా చాటుకు పోయి, ఒక్కో చప్పుడూ లెక్కపెట్టుకునేవాళ్లు. లెక్క పూర్తయ్యాక ఆయన కాసేపు ఆగి, పొడుగ్గా ఈల వేసేవాడు. ఆ ఈల వినబడేదాకా ఎవరూ కదలకూడదు. అది పెద్దవాళ్ల కట్టుబాటు.

ఆఖరి తూటాకూ ఈలకూ మధ్య ఉండే ఆ కాసేపు మాత్రం మాది... పేలుళ్లకు గుట్ట అదిరి, క్వారీ అంచున ఉన్న సీతాఫలం చెట్ల నుంచి కన్ను తెరిచి పక్వానికొచ్చిన కాయలు రాలేవి. ఈల పడిందంటే రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలు వచ్చి ఏరుకుంటారు. అంతకన్నా ముందే ఉరికి ఒళ్లో వేసుకుని రావాలి. తెచ్చి వడ్ల గుమ్మిలో మాగబెట్టేవాళ్లం.

ఇది రాస్తుంటే నాకే చెయ్యి ఆగుతోంది. ఇవాళ మా మనవరాలిని లిఫ్టులో ఒక్కదాన్నే కిందికి పంపాలంటే ఇంట్లో ముగ్గురం ఆలోచిస్తాం. మేము పొద్దున పోతే ఎటు పోయారని అడిగినవాళ్లు లేరు.

లెక్కపెట్టేది నేను, ఉరికేది యాదమ్మ. నేను బడికి పోయేదాన్ని, ఆమె మేకల వెంట పోయేది. అందుకని పని అట్లా పంచుకున్నాం. ఆమె రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని నా చేతి వంకే చూసేది. నేను చప్పుడుకొక వేలు ముడిచి, లెక్క సరిపోగానే సైగ చేసేదాన్ని.

ఆ రోజు మొదటిది పేలింది. రెండోది. మూడోది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు... నాకు పడుకున్నచోట ఒళ్లు నిలవడం లేదు. అవతలి బండ చాటు నుంచి ఇద్దరు పిల్లలు ఆ చెట్లకేసే చూస్తున్నారు.

"జల్ది చెప్పవే, వాళ్లు పోతరు!" యాదమ్మ మోచేత్తో పొడిచింది.

"ఆగవే, నీ తొందర తగలెయ్య!"

నాలుగోది పేలింది. వెంటనే ఇంకో చప్పుడు. వేళ్లన్నీ ముడిచేశాను.

"అయిపోయినయ్... ఉరుకు!"

యాదమ్మ ఒక్క క్షణం నా పిడికిలి వంక చూసింది. లేచి ఉరికింది.

వెంటనే వచ్చిన ఆ చప్పుడు తూటాది కాదు. నాలుగోదే ఎదురుగుట్టకు తగిలి తిరిగొచ్చింది. గుట్టల్లో పుట్టిపెరిగినదాన్ని, అది నాకు తెలియని సంగతి కాదు. తొందరలో దాన్నీ లెక్కలో వేశాను. ఆమె చెట్టు కింద వంగి ఉండగా ఐదోది పేలింది.

రాయి తగల్లేదు. ఆ ఊపుకు యాదమ్మ ఎగిరి అవతల పడింది. నేను పోయేసరికి లేచి కూర్చుని ఉంది. ఎడమ చెవిలోంచి నెత్తురు సన్నగా కారుతోంది. ఒళ్లో మూడు కాయలు అట్లాగే ఉన్నాయి. "ఏమైందే? మాట్లాడవే!" అంటే నా పెదాల వంక చూస్తోంది. బండ గుంటలో నిలిచిన వాననీళ్లతో చెవి కడిగాను. ఎల్లయ్య మామ తిట్టుకుంటూ వస్తుంటే, గుర్తుపట్టేలోపు పొదల్లో పడి ఇళ్లకు పోయాం.

నేను నోరు విప్పలేదు. తెలిస్తే మా నాన్న బడి మాన్పిస్తాడు. ఆయన అందుకు సాకు కోసమే చూస్తున్నాడు. యాదమ్మ కూడా చెప్పలేదు. ఆ చలికాలం ఆమెకు జ్వరం వచ్చింది. చెవి జ్వరంలో పోయిందని వాళ్లమ్మ అనుకుంది. ఆ మాటే నిలిచిపోయింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను వాళ్లమ్మ ఆమెకు కుడివైపే కూర్చోబెట్టింది... చాపలు పరిచింది నేనే. అప్పుడూ చెప్పలేదు.

గుట్ట పోయింది. అక్కడ అద్దాల ఆఫీసులు వచ్చాయి. మొన్న యాదమ్మకు వాళ్లింట్లోవాళ్లు చెవి మిషన్ పెట్టిస్తామంటే మాదాపూర్‌లో దవాఖానకు తోడు పోయాను.

"ఎప్పటినుంచి వినబడటం లేదండీ? ఎలా పోయింది?" అని డాక్టరమ్మ అడిగింది.

"చిన్నగున్నప్పుడు జరమొచ్చింది మేడం" అంది యాదమ్మ, తడుముకోకుండా.

నేను లేచి నీళ్లు తాగొచ్చాను. కూర్చున్నాను. మళ్లీ లేచాను. గదిలో ఉండలేకపోయాను.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆమె కుడివైపుకు పోయి చెప్పేశాను. "జరం గాదు యాదమ్మా. ఆ దినం నేనే తప్పు లెక్కపెట్టిన. నాలుగే పేలినయ్."

"నాకెర్కనే."

"ఎట్లెర్క? చెవులు మూసుకుంటివి గదా!"

"చెవులు మూసుకుంటే ఏంది? పొట్ట బండ మీదనే ఉండె గదా. నాలుగుసార్లే అదిరింది."

"మరి ఎందుకు ఉరికినవే పిచ్చిదానా?"

ఆమె వచ్చే బండ్ల వంక చూస్తోంది. "నువ్వు బడికి పోయేదానివి. నేను మేకల కాడికి పోయేదాన్ని... నా లెక్కనే తప్పనుకున్న" అంది. "జర ఇటు జరుగు, ఆటో మీదికొస్తుంది" అని నా రెక్క పట్టి పక్కకు లాగింది.

అప్పటినుంచి ఇంట్లో ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి పోతున్నాను, వాకిట్లోంచి మళ్లీ లోపలికి వస్తున్నాను... అందుకే ఇక్కడ, మీరంతా చదివేచోట రాశాను. ఆ ఆటలు పోయాయి, మంచిదే అయింది. మీ ఒంటి మీద కూడా, ఎట్లా తగిలిందని ఇంట్లో అడిగితే అబద్ధం చెప్పి దాచిన చిన్నప్పటి దెబ్బ ఒకటి ఉండే ఉంటుంది. అసలు ఏం జరిగిందో ఇప్పుడన్నా రాయండి... కొడతారని భయపడ్డ పెద్దవాళ్లు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నారు గనక.