మంత్రిని వదలని టైటస్

మా కోట ఊళ్లో రొయ్యల గుంటల మోటార్లు కాలిపోతే అందరూ పరుగెత్తేది టైటస్ దగ్గరికే. రాగితీగ చుట్టడంలో అతనికి సాటి లేరు. చదరంగంలో మాత్రం, స్నేహితుడని దాచను, అతనిలా ఓడిపోయేవాడూ లేడు. పక్కనే నాది సెల్‌ఫోన్ల కొట్టు. అన్నీ చూస్తూనే ఉంటాను.

పెద్ద పోటీల్లో ఆడిన ఆటల్ని ఎత్తు ఎత్తుకీ రాసి నెట్‌లో పెడతారు కదా, టైటస్ వాటిని నోటుపుస్తకాల్లోకి ఎక్కించేవాడు. అదీ మొదటి పదిహేను ఎత్తులే. "ఓపెనింగ్ బాగుంటే ఆట బాగున్నట్టే కిషోరూ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆరేళ్లలో తొమ్మిది పుస్తకాలు నిండాయి, రేటింగ్ మాత్రం రాలేదు. ఆటగాడి సత్తాను అంకెల్లో చూపే ఆ రేటింగ్ జాబితాలోకి పేరు ఎక్కాలంటే రేటింగ్ ఉన్నవాళ్ల మీద కనీసం అర పాయింటైనా, అంటే ఒక్క డ్రా అయినా, తెచ్చుకోవాలి. టైటస్‌ది గుండుసున్నా. నలభై ఏడేళ్ల మనిషి అర పాయింటు కోసం అంత ఆరాటపడుతుంటే ఊళ్లో నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొన్న నెల్లూరు పోటీకి ఇద్దరం వెళ్లాం. నాయుడుపేట నుంచి వచ్చిన, రేటింగ్ ఉన్న విజయకుమారి టీచరుతో టైటస్‌కి ఆట పడింది. ఆమె పాత ఆటలు ఇరవై దాకా బట్టీకొట్టి కూర్చున్నాడు. ఆరంభం అదరగొట్టాడు. ముప్పయ్యో ఎత్తుకి చిత్తుగా ఓడాడు.

ఆట అయ్యాక ఆమె టీ కప్పుతో మా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఓపెనింగ్ నాకంటే మీరే బాగా ఆడినారు. ఎందుకు ఓడిపోతుండారో తెలుసా?"

"తెలిస్తే ఓడిపోతానా అమ్మా!"

"మీ ఆటలు కూడా నెట్‌లో ఉండాయి. నిన్న పన్నెండు చూసినా. మంత్రికి మంత్రిని మార్చుకుందామని ఎవరు ఎదురుపెట్టినా, మీరు మీ మంత్రిని వెనక్కి లాక్కుంటారు. అందుకే నేనూ మూడుసార్లు ఎదురుపెట్టినా. మూడుసార్లూ పారిపోయినారు."

టైటస్ ముఖం పాలిపోయింది. లోకంలో వాళ్ల ఆటలన్నీ చూసిన మనిషి తన ఆట ఒక్కటీ చూసుకోలేదు. ఓడిన ఆట రాసుకున్న కాగితాన్ని గుమ్మం దాటకముందే చించేసేవాడు.

"మంత్రి పోతే చేతులు విరిగినట్టు ఉంటాది కిషోరూ" అన్నాడు మెల్లగా.

చివరి ఆట వెంకటాచలం నుంచి వచ్చిన హజరత్తయ్యతో. ఆయనకీ రేటింగ్ ఉంది. ఇరవయ్యో ఎత్తుకి ఆయన మంత్రిని ఎదురుపెట్టాడు. టైటస్ చెయ్యి లేచింది, ఆగిపోయింది. పదకొండు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ వెనక్కి లాగుతాడనుకుని లోపల్లోపల తిట్టుకున్నాను కూడా. లాగలేదు. మంత్రితో మంత్రిని కొట్టాడు, మరుక్షణం తనదీ పోయింది. అక్కణ్ణుంచి చూడ్డానికి ఏమీ లేని ఆట. బంట్లకు బంట్లు అడ్డంపడి, రాజులు అటూ ఇటూ తిరిగి, చివరికి హజరత్తయ్యే "డ్రా చేసుకుందామా?" అని చెయ్యి చాచాడు.

బయటికొచ్చి టైటస్ భార్యకు ఫోన్ చేశాడు. నేనూ వినాలని స్పీకరు నొక్కాను.

"పోయిందా?" అంది క్యాథరిన్. ఆరేళ్లుగా ఆమె అడిగే మాట అదొక్కటే.

"లేదు."

"గెలిచినారా?"

"లేదు క్యాథరిన్. ఓడిపోలా."

అవతల "స్తోత్రం ప్రభువా" అంటూ ఆమె ఏడుస్తున్నట్టు వినిపించింది. ఎన్నిసార్లు ఓడినా నవ్వుతూ ఇంటికెళ్లిన మనిషి, మెట్ల మీద కూలబడి తనూ ఏడ్చాడు.